కరెంటు కారుకూ చలేస్తుంది!

బంగారుపాళ్యం అనగానే ఎవరికైనా ముందుగా గుర్తొచ్చేది మామిడికాయ. చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా బెంగళూరు పోయే దారిలో మా ఊరు. జూన్, జూలై నెలల్లో వచ్చి చూడండి, మార్కెట్టు యార్డు దగ్గర తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఇంకొంచెం ముందుకు పోతే మొగిలి, అక్కడ మొగిలీశ్వరుడి గుడి, ఆ తర్వాత లారీలు మూలుగుతూ ఎక్కే మొగిలి ఘాటు. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. మా మండలంలోని నూనెగుండ్లపల్లెలో అమరరాజా వాళ్ళ బ్యాటరీ ఫ్యాక్టరీలున్నాయి. కార్లకు, మోటారు సైకిళ్ళకు వేసే బ్యాటరీలు అక్కడ తయారవుతాయి. అందుకని మా వైపు ఇళ్ళలో బ్యాటరీ అన్న మాట పప్పు, ఉప్పు అన్నంత మామూలు.

అయితే ఆ బ్యాటరీకి చలేస్తుందనీ, చలేసినప్పుడు దానికీ పసిబిడ్డకు చేసినట్టు వెచ్చదనం చూడాలనీ నాకు తెలిసింది మాత్రం అమెరికాలో. 2023 డిసెంబరులో మా చెల్లెలి పురిటికని వెళ్ళాను. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు, అంత దూరం కూర్చుని ప్రయాణం చేయలేదు. పుట్టింటి తరఫున ఎవరో ఒకరు ఉండాలి కదా! బెంగళూరులో విమానం ఎక్కి, మధ్యలో ఒకచోట దిగి మళ్ళీ ఎక్కి, షికాగోలో దిగాను. పచ్చళ్ళు, కారప్పొడి, బాలింతకు శొంఠిపొడి అన్నీ క్షేమంగానే చేరాయి.

షికాగో పక్కన మన ఊళ్ళు

మా చెల్లెలు ఉండేది షికాగో నగరానికి పడమరగా నేపర్‌విల్ అనే ఊళ్ళో. దాన్ని ఆనుకునే అరోరా. అరోరాలో వేంకటేశ్వర స్వామి గుడి ఉంది. అక్కడందరూ బాలాజీ గుడి అంటారు. చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు బాగా ఉన్నాయి. ఆదివారం గుడికి పోతే తిరుపతిలో ఉన్నామో, అమెరికాలో ఉన్నామో తెలియదు. తలుపు తీసి బయటికొస్తే మాత్రం వెంటనే తెలుస్తుంది. మొహానికి చల్లటి గాలి చెంపదెబ్బలా తగులుతుంది.

చెట్లకు ఒక్క ఆకు ఉండదు. వీధిలో మనిషి కనబడడు. కొళాయి నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళూ, కూరల బండీ, కుక్కల అరుపులూ ఏమీ ఉండవు. అన్నిటికీ కారే. ఉప్పు ప్యాకెట్టు కావాలన్నా కారు తీయాల్సిందే. అందుకే అక్కడ కారు మొరాయించిందంటే ఇల్లు మొత్తం కాళ్ళు కట్టేసినట్టు అవుతుంది.

మా చెల్లెలి వాళ్ళది కరెంటు కారు. రెండో కారు లేదు. పెట్రోలు పోయక్కర్లేదు, పొగ రాదు, చప్పుడు లేదు. రాత్రి ఇంటికి రాగానే గ్యారేజీలో పెట్టి, మనం సెల్‌ఫోనుకు పెట్టినట్టే ఛార్జింగు పెడతారు. తెల్లారేసరికి సిద్ధం. చూడ్డానికి ముచ్చటగానే ఉంది కానీ, నా మనసులో ఒకటే గుబులు. చెల్లెలికి డాక్టరమ్మ చెప్పిన రోజు జనవరి మూడో వారం. అక్కడ అన్నిటికంటే గట్టి చలి ఉండేది అప్పుడే. నొప్పులొచ్చిన వేళకు ఈ కారు కదలకపోతే?

ఆ మాటే అడిగాను. మా మరిది నవ్వి, "వదినా, మన ఇంట్లో ఇడ్లీ పిండి పులిసిందా లేదా చూశారా?" అన్నాడు. ఇదేం జవాబని నేను తెల్లబోయాను.

ఇడ్లీ పిండీ, బ్యాటరీ

మా చెల్లెలు చలికాలంలో ఇడ్లీ పిండి గిన్నెను ఓవెనులో పెట్టి, ఓవెను వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి ఉంచుతుంది. ఆ బల్బు వెచ్చదనానికే పిండి పొంగుతుంది. బయట పెడితే రెండు రోజులైనా పొంగదు. పిండి చెడిపోయి కాదు, దానికి చాలినంత వేడి లేక. పాలు చల్లగా ఉన్నప్పుడు తోడు వేస్తే పెరుగు తోడుకోదు కదా, అదీ ఇంతే.

కరెంటు కారులో ఉండేది లిథియం బ్యాటరీ. మన సెల్‌ఫోనులో ఉండే రకమే. దీన్ని కనిపెట్టి తీర్చిదిద్దిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ బ్యాటరీలో రెండు పక్కలా రెండు పలకలు, మధ్యలో ఒక ద్రవం ఉంటాయి. లిథియం అణువులు కరెంటును మోసుకుంటూ ఆ ద్రవంలో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఈదుతూ ఉంటాయి. వాడుకునేటప్పుడు ఒక వైపు, ఛార్జింగు పెట్టేటప్పుడు రెండో వైపు. చలి ముదిరితే ఆ ద్రవం చిక్కబడుతుంది. చలికాలంలో కొబ్బరినూనె సీసా బోర్లించినా నూనె రాదు చూడండి, పూర్తిగా అట్లా గడ్డకట్టదు కానీ అణువుల నడక మాత్రం బాగా మందగిస్తుంది. బ్యాటరీలో కరెంటు ఉంటుంది, బయటికి మాత్రం తేలిగ్గా రాదు.

ఛార్జింగు పెట్టేటప్పుడు ఇంకో చిక్కు. బ్యాటరీ గడ్డకట్టే చలిలో ఉండగా గబగబా కరెంటు ఎక్కిస్తే, లిథియం పలకలోపలికి పోలేక పైనే లోహంలా పేరుకుపోతుంది. ఆ నష్టం శాశ్వతం. అందుకే కారులోని కంప్యూటరు ముందు బ్యాటరీని వెచ్చబెట్టుకుని, ఆ తర్వాతే కరెంటును గట్టిగా తీసుకుంటుంది. అంతవరకూ బొట్టు బొట్టుగా ఎక్కుతుంది. బయటినుంచి చూసేవాళ్ళకు ఛార్జరు పాడైందేమో అనిపిస్తుంది.

మూడోది మనబోటివాళ్ళకు సులభంగా అర్థమయ్యే సంగతి. పెట్రోలు కారులో పెట్రోలు ఇచ్చే శక్తిలో సగానికి పైగా వేడిగా వృథా అవుతుంది. ఆ వృథా వేడినే లోపలికి మళ్ళిస్తే కారు ఊరికే వెచ్చబడుతుంది. కట్టెల పొయ్యి పక్కన నీళ్ళ కాగు పెడితే వేరే కట్టె అక్కర్లేకుండా నీళ్ళు కాగినట్టన్నమాట. కరెంటు కారులో వృథా బాగా తక్కువ కాబట్టి అట్లా ఊరికే వచ్చే వేడి ఉండదు. హీటరుకు కూడా బ్యాటరీలోని కరెంటే వాడాలి. ఆ హీటరు మొదట్లో మూడు నాలుగు ఇస్త్రీపెట్టెలు ఒకేసారి పెట్టినంత లాగుతుంది. అదే సీటును వెచ్చబెట్టే తీగలకైతే పాతకాలపు బల్బు ఒకటి వెలిగించినంత చాలు.

2019లో అమెరికా ఆటోమొబైల్ అసోసియేషన్ వాళ్ళు కొన్ని కరెంటు కార్లను పరీక్ష పెట్టి చూశారు. సున్నాకు దాదాపు 7 డిగ్రీలు కిందున్న చలిలో, హీటరు వేయకపోతే కారు పోయే దూరం సగటున 12 శాతమే తగ్గింది. హీటరు వేస్తే 41 శాతం తగ్గింది. అంటే 100 కిలోమీటర్లు పోవాల్సింది 59తో సరి! చలి తినేదానికంటే మనం చలి కాచుకోవడానికి ఖర్చయ్యేదే ఎక్కువ. ఈ మధ్య వచ్చే చాలా కార్లలో హీట్ పంపు అని పెడుతున్నారు. ఫ్రిజ్ లోపలి వేడిని బయటికి తోసినట్టే, ఇది బయటి గాలిలో మిగిలిన కాస్త వేడిని లోపలికి లాగుతుంది. దానివల్ల ఖర్చు కొంత తగ్గుతుంది. మరీ గట్టి చలిలో దాని బలమూ తగ్గుతుందట.

భోగిమంట లేని భోగి

2024 జనవరి 12న అక్కడ మంచు పడింది. ఆ వెనకే ఉత్తర ధ్రువం వైపు నుంచి చలిగాలి దిగింది. 14న మనకు భోగి, 15న సంక్రాంతి. మా ఊళ్ళో తెల్లవారుజామున భోగిమంట చుట్టూ పిల్లలు చేరి ఉంటారు. షికాగోలో చూస్తే సున్నాకు 20 డిగ్రీలకు పైగా కింద! మన ఫ్రిజ్‌లో ఐసు పెట్టే అర కూడా సున్నాకు 18 డిగ్రీల కిందే ఉంటుంది. అంటే ఊరు ఊరంతా ఐసు అరలోకి పోయి కూర్చున్నట్టు లెక్క. దానికి గాలి తోడైతే ఒంటికి 30 డిగ్రీలకు పైగా కిందున్నట్టు తగులుతుంది. మా ఊళ్ళో 15 డిగ్రీలకు దిగితేనే, "అబ్బ, ఏం చలి!" అని రెండో దుప్పటి తీస్తాం.

ఆ మూడు రోజులూ టీవీలో ఒకటే వార్త. షికాగో పరిసరాల్లో ఓక్ బ్రూక్, ఎవర్‌గ్రీన్ పార్క్ వంటి చోట్ల ఛార్జింగు కేంద్రాల ముందు కరెంటు కార్లు బారులు తీరాయి. కొన్ని బారులోనే ఆగిపోయాయి. వాటిని బండికి కట్టి లాక్కుపోవడం కూడా చూపించారు. ఆ వార్త చూసిన దగ్గరనుంచి నాకు కంటిమీద కునుకు లేదు. "అక్కా, నువ్వు ఊరికే దిగులు పడబాక. మన ఇంట్లో ప్లగ్గుంది" అంది చెల్లెలు. ఆ ప్లగ్గు విలువ ఎంతటిదో అప్పుడే గ్రహించాను.

అదెట్లాగో చెబుతాను వినండి. వాళ్ళకు తెలిసిన ఒక కుర్ర జంట ఉన్నారు, మన వైపు పిల్లలే. కొత్తగా ఉద్యోగం, అద్దెకు అపార్ట్‌మెంటు. వాళ్ళకూ కరెంటు కారే. కానీ కారు ఆరుబయటే ఉంటుంది, ఇంట్లో నుంచి వైరు లాగే వీలు లేదు. వారానికి రెండుసార్లు బయట ఛార్జింగు కేంద్రానికి పోయి నింపుకొస్తారు. మామూలు రోజుల్లో అరగంట పని. సంక్రాంతి నాడు ఆ అమ్మాయి మా ఇంటికి భోజనానికి రావాల్సింది, రాలేదు. ఫోను చేస్తే బారులో ఉన్నామంది. రాత్రంతా ఆరుబయట నిలబడిన కారు, బ్యాటరీ ఐసుముక్క. ముందున్న కార్లదీ అదే గతి. ఒక్కొక్కదానికీ గంటకు పైగా పడుతుంటే బారు కదిలేదెట్లా? బారులో ఉన్నంతసేపూ హీటరు వేయాలి, వేస్తే ఉన్న కరెంటు పోతుంది. ఆపితే మనిషి బిగుసుకుపోతాడు. పాపం, ఐదు గంటల తర్వాత బయటపడ్డారు. ఆమెకోసం దాచిన పొంగలి, అలసందల వడలు మర్నాడు డబ్బాలో పెట్టి పంపాను.

ఇందులో ఆ పిల్లల తప్పేముంది చెప్పండి? కారు అదే, చలి అదే. మా చెల్లెలి కారు గోడకున్న ప్లగ్గు దగ్గర వెచ్చగా పడుకుంది, వీళ్ళది ఆరుబయట వణికింది. ఆ వారంలో ఇబ్బంది పడ్డవారిలో ఇంటి దగ్గర ప్లగ్గు లేనివాళ్ళు, అద్దె కారు తీసుకుని కిరాయికి తిప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు.

అట్లాగని పెట్రోలు కార్లన్నీ పరుగులు తీశాయనుకోకండి. పక్కింటివాళ్ళ పెట్రోలు కారు సంక్రాంతి రోజున టక్కుమని కూడా అనలేదు. ఇంజను తిప్పే సీసపు బ్యాటరీ బలం అంత చలిలో సగానికి సగం పడిపోతుంది, ఇంజను నూనె చిక్కబడి తిరగనంటుంది. విడ్డూరం ఏమిటంటే, చాలా కరెంటు కార్లలో కూడా పెద్ద బ్యాటరీ కాక ఈ 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. తలుపు గడియలు, లైట్లు, కంప్యూటరు మేలుకోవడం అన్నీ దానిమీదే. అది చచ్చుబడితే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు లేవదు. మా నూనెగుండ్లపల్లె ఫ్యాక్టరీ గుర్తొచ్చి, ఎంత దూరమొచ్చినా మా ఊరి సరుకు అవసరం తప్పదన్నమాట అనుకున్నాను.

ఆ రాత్రి

కనుమ రోజు, అంటే 16వ తేదీ, తెల్లవారుజామున 2 గంటలకు చెల్లెలు నన్ను తట్టి లేపింది. మా ఊళ్ళో అప్పటికి మధ్యాహ్నం దాటింది. పశువులకు పసుపు కుంకుమలు పెట్టి, సాయంత్రం చిట్లాకుప్ప వెలిగించడానికి సిద్ధమవుతుంటారు. ఇక్కడ కిటికీ అద్దం మీద లోపలివైపే మంచు పువ్వులు.

మా మరిది కంగారు పడలేదు. ఆ వారమంతా కారును ప్లగ్గునుంచి తీసి ఉంచిందే లేదు. పడకగదిలోంచే ఫోనులో మీట నొక్కాడు. గ్యారేజీలో కారు తనంతట తాను బ్యాటరీని, లోపలి సీట్లను వెచ్చబెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ కరెంటంతా గోడలోంచి వస్తుంది, బ్యాటరీలోంచి కాదు. అదే కిటుకు! ఆసుపత్రికి ఫోను చేసి, చెల్లెలికి స్వెట్టరు తొడిగి, సంచీ సర్దేసరికి 20 నిమిషాలు పట్టింది. కారు తలుపు తీస్తే లోపల మన ఊరి మాఘమాసంలా ఉంది.

ఆసుపత్రి 9 మైళ్ళు, అంటే 14 కిలోమీటర్లకు కాస్త పైన. రోడ్డు మీద ఉప్పు చల్లి ఉంచారు, అక్కడక్కడా నల్లటి అద్దంలా మంచు పెచ్చు. మామూలుగా కరెంటు కారులో యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీస్తే బండి తనంతట తాను నెమ్మదించి, ఆ ఊపును కరెంటుగా మార్చి బ్యాటరీలో వేసుకుంటుంది. బ్యాటరీ చల్లగా ఉంటే ఆ సౌకర్యం తగ్గిపోతుంది, బ్రేకును కాలితో ముందే నొక్కాలి. మా మరిది అట్లాగే ఒక్కో సిగ్నలు దగ్గర ఎంతో ముందునుంచే నిదానిస్తూ నడిపాడు. నేను వెనక సీట్లో చెల్లెలి చెయ్యి పట్టుకుని, ముందున్న తెరమీద అంకె చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో 80 శాతం, ఆసుపత్రి గుమ్మంలో 73. మామూలు రోజుల్లో 3, 4 శాతం అయ్యే దారికి ఆ రాత్రి 7 అయింది. రెట్టింపు ఖర్చే, అయినా నిండుగా బయల్దేరాం కాబట్టి చీమ కుట్టినట్టయినా లేదు.

తెల్లవారి 9 దాటాక ఆడపిల్ల పుట్టింది. కనుమ నాడు లక్ష్మి వచ్చిందని మా అమ్మ ఫోనులో ఒకటే ఏడుపు, నవ్వు.

బిడ్డను ఇంటికి తెచ్చేటప్పుడు ఇంకో రెండు సంగతులు నేర్చుకున్నాను. ఆసుపత్రి దగ్గర కారు రెండు రోజులు ఆరుబయటే ఉంది, ప్లగ్గు లేదు. బ్యాటరీని కాపాడుకోవడానికి కారు కొద్దికొద్దిగా కరెంటు తింటూనే ఉంటుంది కాబట్టి అంకె కొంత దిగింది. అయినా ముందే వెచ్చబెట్టాం. పొగ లేని కారు కదా, తలుపులు మూసి ఉంచినా భయం లేదు. రెండోది పసిపిల్లల సీటు సంగతి. లావుపాటి దూది కోటు తొడిగి పట్టీలు బిగించకూడదని నర్సమ్మ గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే కోటు అణిగి పట్టీ వదులైపోతుందట. పలుచటి బట్టలతో పట్టీ బిగించి, పైనుంచి దుప్పటి కప్పాలి. కారు ముందే వెచ్చగా ఉంటే బిడ్డకు చలి తగలదు.

నార్వే వాళ్ళు ఎట్లా నెగ్గుకొస్తున్నారు?

ఇన్ని బాధలుంటే చలిదేశాల్లో కరెంటు కారు కొనేదెవరని మీరు అడగొచ్చు. నార్వే అనే దేశం ఉంది. ఉత్తరపు కొసన, చలికాలంలో కొన్ని ఊళ్ళలో వారాల తరబడి సూర్యుడే కనబడడు. 2024లో ఆ దేశంలో అమ్ముడైన కొత్త కార్లలో 100కు దాదాపు 89 కరెంటు కార్లే! అక్కడ చాలా ఇళ్ళలో సొంత ఛార్జరుంది, రోడ్ల వెంబడి ఛార్జింగు కేంద్రాలు దండిగా ఉన్నాయి. పైగా బయల్దేరేముందు కారును వెచ్చబెట్టడం వాళ్ళకు అలవాటు. మనం చలికాలంలో ఆవకాయ జాడీ ఎట్లా జాగ్రత్త చేయాలో ఎవరూ చెప్పకుండానే చేస్తామే, అట్లా.

అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ వంటి ఊళ్ళలో కార్లు నిలిపే చోట కరెంటు ప్లగ్గులు ఎప్పటినుంచో ఉన్నాయి. అవి పెట్రోలు కార్ల కోసం పెట్టినవి. రాత్రంతా ఇంజనును వెచ్చగా ఉంచకపోతే పొద్దున అది కదలదు. పని చెప్పేముందు బండిని వెచ్చబెట్టాలన్నది కరెంటు కార్లతో కొత్తగా పుట్టిన నియమం కాదన్నమాట.

మీ పిల్లలకు చెప్పవలసినవి

ఇప్పుడు మన వైపు ఇంటికొకరు అమెరికాలోనో, కెనడాలోనో ఉంటున్నారు. మీ పిల్లలు చలిదేశంలో కరెంటు కారు కొంటామంటే ఈ మాటలు చెవిన వేయండి.

1. ముందు ఇంట్లో ప్లగ్గు సంగతి చూసుకోమనండి. అక్కడి మామూలు ప్లగ్గు 120 వోల్టులే, మన 230లో సగం. గట్టి చలిలో దానినుంచి వచ్చేది బ్యాటరీని వెచ్చబెట్టడానికే సరిపోతుంది. బట్టలు ఆరబెట్టే మిషనుకు పెట్టే 240 వోల్టుల లైను ఉండాలి. అద్దె ఇల్లయితే చేరేముందే అడగాలి.

2. చలి రోజుల్లో ఇంట్లో ఉన్నంతసేపూ కారు ప్లగ్గుకే ఉండాలి. బయల్దేరే వేళ ముందే ఫోనులో పెడితే కారు ఆ వేళకు తయారుగా ఉంటుంది.

3. కారు చూపించే దూరంలో సగమే పోతుందని లెక్క వేసుకోవాలి. బియ్యం డబ్బా అడుగు కనబడేదాకా ఆగం కదా, అట్లాగే 20, 30 శాతం ఎప్పుడూ మిగిలి ఉండాలి.

4. బయట ఛార్జింగుకు పోవాలంటే, కారులోని మ్యాపులో ఆ కేంద్రాన్ని పెట్టి బయల్దేరాలి. చాలా కార్లు దారిలోనే బ్యాటరీని వెచ్చబెట్టుకుంటాయి. రాత్రంతా నిలబడిన కారుతో పొద్దున్నే పోవడం కంటే, కొంత దూరం తిరిగి బ్యాటరీ వెచ్చగా ఉన్నప్పుడే పోవడం మేలు.

5. కారు మొత్తాన్ని వేడి చేసే హీటరు తగ్గించి, సీటు హీటరు, స్టీరింగు హీటరు వాడుకోవాలి. కాళ్ళకు ఒక దుప్పటి.

6. చలికి టైర్లలో గాలి తగ్గుతుంది, చూసుకుంటూ ఉండాలి. మంచుకు వేరే టైర్లు ఉంటాయి, ఆ ఖర్చుకు వెనకాడకూడదు.

7. అద్దం మీద మంచు పేరుకుంటే వేడినీళ్ళు పోయకూడదు. వేడిగా ఉన్న గాజు గ్లాసులో చల్లనీళ్ళు పోస్తే పగిలినట్టే అద్దం చిట్లుతుంది. గీకే పలక ఉంటుంది, దానితో తీయాలి.

8. కారులో దుప్పట్లు, చేతి తొడుగులు, చిన్న పార, మంచినీళ్ళు, చెడిపోని తినుబండారాలు ఉండాలి. మన వేరుశనగ చిక్కీ ఉందే, దాన్ని మించింది లేదు. మంచులో చిక్కుకుపోయినా, నిండు బ్యాటరీ ఉంటే హీటరు తక్కువలో పెట్టుకుని చాలా గంటలు వెచ్చగా గడపొచ్చు. పెట్రోలు కారైతే పొగగొట్టానికి మంచు అడ్డుపడి, విషవాయువు లోపలికొచ్చే ప్రమాదం ఉంది. అప్పుడప్పుడూ దిగి ఆ గొట్టం శుభ్రం చేయాలి.

మన ఎండలకు కూడా

మనకు మంచు లేదు కాబట్టి ఇదంతా మనకెందుకని కొట్టిపారేయకండి. 2022 సెప్టెంబరులో తిరుపతి నుంచి తిరుమలకు ఆర్టీసీ కరెంటు బస్సులు మొదలయ్యాయి, మీలో చాలామంది ఎక్కే ఉంటారు. కొండ దిగేటప్పుడు ఆ బస్సు తన బరువుతోనే బ్యాటరీలోకి కొంత కరెంటు తిరిగి నింపుకుంటుంది. వీధుల్లో కరెంటు స్కూటర్లు, ఆటోలు ఎక్కువవుతున్నాయి. బ్యాటరీకి నచ్చే వేడి మనకు నచ్చేదే, 20, 25 డిగ్రీల చుట్టుపక్కల. అటు చలి ముదిరితే నెమ్మదిస్తుంది, వెచ్చబడితే మళ్ళీ మామూలే. ఇటు ఎండ ముదిరితే మాత్రం దాని ఆయుష్షే తగ్గుతుంది. కాబట్టి మన ఇళ్ళలో స్కూటరును మే నెల ఎండలో నిలపకుండా నీడన పెట్టాలి. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే ఛార్జింగు పెట్టకుండా కాసేపు చల్లారనివ్వాలి. నూటికి నూరు నింపి రోజుల తరబడి ఎండకు వదిలేయకూడదు.

అమ్మలు, అత్తలు అమెరికా ఫోను రాగానే "భోంచేశావా, ఒంట్లో ఎట్లా ఉంది?" అని అడుగుతాం. డిసెంబరు నుంచి మార్చి దాకా ఇంకొక్క ప్రశ్న కూడా చేర్చండి: "కారు ప్లగ్గుకు పెట్టావా?" వాళ్ళు నవ్వితే నవ్వనీయండి. నవ్వుతూనే లేచి వెళ్ళి పెట్టొస్తారు.